నవల ముందుమాటకు ఒక పాఠకుడి విన్నపం

మహారాజశ్రీ ముందుమాట గారి దివ్యసముఖానికి, మొదటి అధ్యాయం గడప దగ్గర చాలాసేపటి నుంచి నిలబడి ఉన్న పాఠకుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

తాము కథలో పాత్ర కాకపోయినా కథకంటే ముందు పీట తమదే. ఏ సంగతి ఎక్కడ చెప్పాలో, ఏది ఎంతవరకు దాచాలో తేల్చుకోవడానికి నవలాకారుడు ఎన్ని ప్రతులు చింపి ఉంటాడో తమకు తెలియనిది కాదు. తెలిసి కూడా మూడో పేజీలోనే “కథానాయిక మరణం గుండెలు పిండేస్తుంది” అని నిశ్చింతగా సెలవిస్తారు. అప్పటికి నాకు ఆవిడ పేరైనా తెలియదు. ఇక ఆవిడ నవ్వినా, పోట్లాడినా, పెళ్ళి చేసుకున్నా నేను చావు కబురు ముందే అందిన చుట్టంలా పక్కన కూర్చుని చదవాలి.

నవల తన్ను ఎలా చదవాలో తొలి పేజీల్లో తానే నేర్పుతుంది. కథ చెబుతున్న గొంతు ఎవరిది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, కాలం వరసగా నడుస్తుందా, వెనక్కి తిరుగుతుందా అన్నవి పాఠకుడు తడుముకుంటూ తెలుసుకోవలసిన సంగతులు, ఆ తడుముకోవడంలోనే చదువరి సుఖం సగం ఉంది. కథకుడు అబద్ధాలకోరని నూరో పేజీ దగ్గర మెల్లగా అనుమానం పుట్టేటట్లు రచయిత ఓపికగా అల్లిన వలను, తాము “ఇందులోని కథకుణ్ణి నమ్మరాదు, అదే ఇందులోని శిల్పం” అనే ఒక్క మెచ్చుకోలుతో తెంపేస్తారు.

ఈ విషయంలో నవల చదవకుండా ముందుమాట రాసే పెద్దలకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. వారు “జీవితాన్ని కాచి వడపోసిన రచన”, “ఏకబిగిన చదివిస్తుంది” అని ఏ పుస్తకానికైనా అతికే నాలుగు మాటలు రాసి, ఆశీర్వదించి వెళ్ళిపోతారు, కథ జోలికి రారు. శ్రద్ధగా, రెండుసార్లు చదివి రాసేవారితోనే ప్రమాదం.

తమ వంశచరిత్ర కూడా కొంత ఎరుగుదును. 1605లో స్పానిష్ రచయిత సెర్వాంటెస్ ‘డాన్ కిహోటే’ నవల పీఠికలో, పుస్తకం రాయడంకంటే ఈ పీఠిక రాయడమే ఎక్కువ కష్టమైందని మొరపెట్టుకున్నాడు. ప్రముఖుల ప్రశంసా పద్యాలు లేవని అతను దిగులుపడితే, అవేవో నువ్వే రాసుకుని గొప్పవాళ్ళ పేర్లు తగిలించమని పీఠికలోని మిత్రుడు సలహా ఇస్తాడు. అతను ఆ పని చేశాడు కూడా. ఆ పద్యాల్లో రెండు గుర్రాల సంభాషణ ఒకటి ఉంది. (ఆ తర్వాత వచ్చిన ప్రశంసలు చాలావాటి కంటే ఆ గుర్రాల మాటలే నిజాయితీగా ఉంటాయని నా అభిప్రాయం.) 1764 చివర్లో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవల ముందుమాటలో, ఇది 1529లో నేపుల్స్‌లో అచ్చయిన పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని బొంకాడు. పుస్తకం ఆదరణ పొందాక, రెండో కూర్పుకు మరో ముందుమాట రాసి ఆ బొంకుకు మన్నింపు కోరాడు. అబద్ధమూ తమ నోటనే, క్షమాపణా తమ నోటనే!

తాము సాధారణంగా నవల పూర్తయిన తర్వాతే పుడతారు. పుస్తకం అచ్చుకు సిద్ధమయ్యాక వచ్చి చేరే అతిథులు గనుకనే అనేక పుస్తకాల్లో తమ పేజీలకు విడిగా రోమన్ అంకెలు వేస్తారు. చివర పుట్టినవారు చివరే ఎందుకు ఉండరాదని నా ప్రశ్న. దీనికి పూర్వాచారం ఉంది: 1814లో స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్ ‘వేవర్లీ’ నవల చివరి అధ్యాయానికి “ముందుమాట కావలసిన వెనుకమాట” అనే అర్థం వచ్చే పేరు పెట్టి, చెప్పవలసిందంతా అక్కడే చెప్పుకున్నాడు.

తాము అక్కడికి వేంచేస్తే మనకు మాటలు కుదురుతాయి. ఆరో అధ్యాయం సాగదీత అని నేనంటే, అది కావాలని తగ్గించిన వేగమని తాము వాదించవచ్చు, అప్పటికి ఇద్దరమూ నవల చదివి ఉంటాం కాబట్టి ఎవరి మాటైనా నెగ్గవచ్చు. మకాం మార్పు సంగతి ప్రచురణకర్తకు ఒక మాట చెబితే చాలు. అంతవరకు తమ పేజీలు దాటి, ఒకటో అంకె ఉన్న పేజీ నుంచే చదువుతానని తెలియజేసుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు కాని పాఠకుడు