కొత్తిమీర వెనక వానపాములు: మా ఫ్రిజ్ గారికి బహిరంగ లేఖ

విజయవాడ,
రోహిణి కార్తె.

మహారాజశ్రీ మా ఇంటి డబుల్ డోర్ ఫ్రిజ్ గారికి,

మీరు మా ఇంట కాలుపెట్టిన నాడు అత్తయ్యగారు మీకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక్కటే షరతు విధించారు: పై అరలోకి కోడిగుడ్డు కూడా రాకూడదని. పెరుగు, ఇడ్లీ పిండి, మల్లెపూలు చూసుకుంటూ మీరూ మర్యాదగానే బతికారు. ఇప్పుడేమో ఫ్రీజర్ తెరిస్తే బఠానీల పక్కన ఎర్రటి పురుగుల గడ్డలు! అరచేతిలో సగం లేని ఆక్సోలాటల్ పిల్ల కోసం. అదేనండీ, నీళ్లలోనే బతికే, బల్లిలా కనిపించే ఉభయచరం.

మావాడు దాన్ని మైన్‌క్రాఫ్ట్‌లో చూసి మనసు పడ్డాడు. 2021లో అది ఆ గేమ్‌లోకి వచ్చింది, అదే ఏడు మెక్సికో వాళ్ల 50 పెసోల నోటు మీదకీ ఎక్కింది. నోటు మీదే ఉండిపోతే మనకే ఇబ్బందీ లేదు. దాని పుట్టిల్లు మెక్సికో సిటీ దగ్గరి షోచిమిల్కో. నీళ్లు 16 నుంచి 18 డిగ్రీలుంటే హాయి, 24 దాటితే కష్టం, తిండి ముట్టదు. పొద్దున పదింటికే ట్యాంకు నీళ్లకు గీజర్ అక్కర్లేని ఊరు మనది! అందుకే మీరు రాత్రంతా రొదపెడుతూ గడ్డకట్టించిన వాటర్ బాటిళ్లు వంతులవారీగా తొట్టిలో డ్యూటీ ఎక్కుతున్నాయి. నేను మజ్జిగలోకి ఐసు ముక్క అడిగితే మాత్రం ఖాళీ లేదంటారు.

ఇక దొరగారి భోజనం. పసితనంలో కదిలేదే దాని కంటికి తిండి. కనుక ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల గుడ్ల డబ్బా మీ తలుపు అరలో, నిమ్మకాయల సరసన చేరింది. మన కోస్తాలో రొయ్యపిల్లల హేచరీల వాళ్లు వాడే సరుకే. ఉప్పునీళ్లలో వేసి, గాలి మోటారు పెట్టి, ఒక రోజు ఆగితే నారింజ రంగు నలకలు పొదుగుతాయి. వాటికి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి. తినేవాడికి 18, తిండికి 28! కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు.

ఇప్పుడు ప్రమోషన్ వచ్చి పురుగుల గడ్డల దాకా ఎదిగాడు. గడ్డ కరిగించి, పటకారుతో ఒక్కో పురుగును మూతి ముందు అటూ ఇటూ ఊపాలి. ఊపినంతసేపూ ఉలుకూ పలుకూ ఉండదు. చెయ్యి నొప్పెట్టి ఇక ఆపుదామనుకునేసరికి, గుటుక్కున నీళ్లతో సహా లాగేస్తాడు. నమిలే పనే లేదు. అడుగున గులకరాళ్లుంటే అవీ మింగేస్తాడని తొట్టి బోసిగా ఉంచాం. వదిలేసింది కుళ్లి అమ్మోనియా కాకుండా డ్రాపర్‌తో ఏరి తీయడం నా వంతు. పిల్ల కాబట్టి ఇదంతా రోజూ ఉంటుంది, పెద్దయ్యాక వారానికి రెండు మూడుసార్లు చాలట. తోబుట్టువులతో కలిపి ఉంచితే ఆకలికి పక్కవాడి కాలే కొరికే జాతి. ఆ కాలు మళ్లీ మొలుస్తుంది లెండి, మీరు కంగారు పడకండి.

తర్వాతి మెనూ వానపాములు. వర్మీకంపోస్టు చేసే ఆయన మట్టితో సహా డబ్బాలో పోసిచ్చాడు. అది మీ కింది అరలో, కొత్తిమీర కట్ట వెనక ఉంది. అత్తయ్యగారు కాఫీ పొడి అనుకుంటున్నారు. ఆవిడ మూత తీసిన రోజున నాకు సాక్షులు మీరొక్కరే.

ఇంకో కబురు. పెద్దయ్యాక వీడికి మలబద్ధకం చేస్తే, డబ్బాలో నీళ్లు పోసి ఏకంగా వీణ్నే ఫ్రిజ్‌లో పెట్టే పెంపకందార్లున్నారు. నిన్న మావాడు టేపు తెచ్చి మీ రెండో అర కొలుచుకెళ్లాడు. పెరుగు గిన్నెను ఎక్కడికి బదిలీ చేయదలచారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
వేడి మజ్జిగ తాగుతున్న మీ ఇంటి ఇల్లాలు