అర్హులందరికీ అందే ఒకే ఒక్క పథకం

పథకాలు అర్హులకు అందడం లేదని గోల చేసేవారు ఒకసారి తుఫాను పనితీరును గమనించాలి. దరఖాస్తు అడగదు, వేలిముద్ర పడలేదని వెనక్కి పంపదు, మధ్యలో దళారీ లేడు. తాటాకు ఇల్లు ఏ కాలవ గట్టు మీదున్నా వెతుక్కుంటూ గుమ్మం దాకా వస్తుంది. డాబా ఇళ్లవారిని అనర్హుల కింద లెక్కగట్టి, రెండు రోజులు కరెంటు తీసేసి వదిలేస్తుంది.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు. ఎక్కడానికి మేడ ఉన్నవాడికీ, తాటిచెట్టును కావలించుకున్నవాడికీ తేడా ఎంతో ఆ రోజు సముద్రమే కొలిచి చూపింది. ఆ తర్వాత షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందే వస్తున్నాయి, ప్రాణాలు చాలావరకు దక్కుతున్నాయి. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే మెచ్చుకుంటున్నాను.

అయినా రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశాక కూడా గేదెను వదిలి రానని భీష్మించే ముసలమ్మ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. దాన్ని మనం అవగాహన లోపం అంటాం. మన ఆస్తి బ్యాంకులో ఉంది మరి, పలుపు తెంచుకుని వరదలో పడదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేటప్పటికి డెల్టాలో వరి కోతల మీదుంది. పనలు నీళ్లలో నానాయి. కంకి చేతిలోకి తీసుకుంటే గింజ గింజకూ తెల్లటి మొలక. కౌలు కింద కొలవాల్సిన బస్తాలకు మాత్రం మొలక రాదు. అవి మాట్లాడుకున్న రోజు నుంచీ ఎండుగానే ఉంటాయి.

పంట 33 శాతమైనా పోతేనే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ. 32 శాతం పోయినవాడు నష్టపోయినట్టు కాదు, ఊరికే బెంగ పెట్టుకున్నట్టు. లెక్క దాటినవాడు కౌలు రైతైతే ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం చూపాలి. దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. తుఫానుకు కూడా ఆయన అంతగా భయపడడు. అందుకే పొలం మునిగిన సంగతి నగరంలో ఎనిమిదో అంతస్తులో కాఫీ తాగుతున్న పట్టాదారుకు, ఖాతాలో డబ్బు పడ్డాకగానీ తెలియదు.

ఇంతకీ ఆ ముసలమ్మ గేదెతో సహా బతికింది. ఇల్లు కూలిందని అర్జీ పెట్టుకుంటే, రేషను కార్డేదని అడిగారు.

ఇంట్లో ఉందని చెప్పింది.