గొర్రె ఈసుకుపోతే ఎవరికి చెప్పాలి?

గొర్రెలు, మేకల నుంచి మనుషులకి సోకే క్యూ ఫీవర్ పేరు వినగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, మటన్ తినొచ్చా అని. 2024 జనవరిలో హైదరాబాద్‌లో మాంసం కొట్టే ఐదుగురికి ఇది సోకినట్టు తేలిందని వార్తలొచ్చినప్పుడూ ఇదే టెన్షన్. తినొచ్చు, బాగా ఉడికించి తినండి. పాలు కాచుకుని తాగండి. అసలు సమస్య కూర గిన్నెలో లేదు, గొర్రె ఈనే చోట ఉంది, అక్కడికి మాత్రం మన చర్చ ఎప్పుడూ వెళ్ళదు.

ఈ జబ్బు తెచ్చే కాక్సియెల్లా బర్నెటీ అనే బ్యాక్టీరియా ఒంట్లో ఉన్నా గొర్రె మామూలుగానే మేస్తుంది, మందతో పాటే తిరుగుతుంది, చూస్తే ఏ తేడా కనపడదు. బయటపడేది ఈనేటప్పుడు, లేదా నెలలు నిండకుండా ఈసుకుపోయినప్పుడు, అంటే కడుపు పోయినప్పుడు. అప్పుడు పడే మాయలో ఒక్క గ్రాముకి వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు, మనిషికి జబ్బు రావడానికి పది కూడా అక్కర్లేదు! ఆ మాయా ఉమ్మనీరూ నేల మీద ఎండి, పెంటలో కలిసి దుమ్మయిపోయినా అది నెలల తరబడి చావదు. గాలికి లేచి, పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంటే జన్మలో గొర్రెని ముట్టుకోనివాడికి కూడా రావచ్చు.

నమ్మబుద్ధి కాకపోతే జర్మనీలో జరిగింది చూడండి. 2003 మే నెలలో జోస్ట్ పట్టణం దగ్గర రైతు సంత పెట్టారు, అక్కడ ప్రదర్శనకు తెచ్చిన ఒక గొర్రె సంతలోనే ఈనింది. జనం చుట్టూ మూగి చూశారు, పిల్లలు ముచ్చటపడ్డారు, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. రెండు మూడు వారాలకి జ్వరాలు, భరించలేని తలనొప్పి, కొందరికి న్యుమోనియా. లెక్క తీస్తే 299 కేసులు తేలాయి. ఒకే ఒక్క గొర్రె!

ఇవన్నీ రాస్తే జనం భయపడతారు, మటన్ అమ్మకాలు పడిపోతాయి, చివరికి నష్టపోయేది గొల్ల కురుమలే అంటారు కొందరు. ఈ మాటలో నిజం లేదనను, 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోడి ధర ఏమైందో అందరం చూశాం. కానీ అందరికంటే ముందు ఈ జబ్బున పడేది ఆ కాపరే, అతని భార్యే. రాత్రిపూట దొడ్డిలో ఉత్త చేతులతో పిల్లని లాగేది వాళ్ళే. వాళ్ళ సంపాదన కాపాడటం కోసం వాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడకూడదనడం ఏం న్యాయం?

నా వాదనకి అసలు బలం నెదర్లాండ్స్ కథ. అక్కడివి మేకలే, కానీ దారి ఇదే. పాడి మేకల ఫారాల్లో కుప్పలుతెప్పలుగా ఈసుకుపోవడం 2005లోనే కనపడింది. మనుషుల్లో జబ్బు విరుచుకుపడింది 2007లో. చేతిలో రెండేళ్ళ టైముంది! ఫారాలు ఈ సంగతి తప్పనిసరిగా చెప్పాలనే రూలు మాత్రం 2008లో గానీ రాలేదు, ఏ ఫారంలో జబ్బుందో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి అంత తేలిగ్గా చెప్పలేదు కూడా. 2010 దాకా నాలుగు వేల పైచిలుకు కేసులు, పదుల సంఖ్యలో చావులు. 2009 చివరిలో మొదలుపెట్టి 50,000 పైగా చూడి మేకల్ని చంపాల్సి వచ్చింది. తర్వాత బాధితులకి తలా 15,000 యూరోలిచ్చారు. గొప్ప ల్యాబులున్న ధనిక దేశం, పశువులు ముందే చెప్పినా వినలేదు, ఎందుకంటే మేక ఈసుకుపోతే అది యజమాని నష్టం, మనుషుల డాక్టర్ల పని కాదు అనుకున్నారు.

మన దగ్గర సరిగ్గా ఇదే జబ్బు ప్రభుత్వాలకుంది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు పంచితే, ఎన్ని యూనిట్లు, ఎన్ని కోట్లు, ఎవరు తిన్నారు అని ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నాం. ఇంటికో మంద చేరితే ఆ ఇంటి గర్భిణి స్త్రీ గొర్రె ఈనే చోటికి వెళ్ళొచ్చా, మాయని కుక్కలకి పడేయొచ్చా అని ఎంతమంది నాయకులు మాట్లాడారు? పథకం అంటే తలకాయల లెక్క, ఫోటో. బీమా అయితే గొర్రె చచ్చాక, అదీ చెవిపోగు చూపిస్తేనే. ఈసుకుపోతే పైసా రాదు, కాబట్టి కాపరి ఎవరికీ చెప్పడు, చెప్పి ఏం లాభం? ఎరువు కోసం ఊళ్ళు తిరిగి పొలాల్లో కట్టే మందలు మనవి, ఈనడం ఎక్కడ వస్తే అక్కడే అయిపోతుంది.

ఆ కాపరికే జ్వరమొస్తే ఏమవుతుంది? మలేరియా, డెంగీ పరీక్షలు, టైఫాయిడ్‌కి చేసే వైడల్ పరీక్ష, ఓ సెలైన్ బాటిల్. 'నీకు గొర్రెలున్నాయా, ఈ మధ్య ఏమైనా ఈనాయా' అని అడిగే డాక్టర్ ఎక్కడున్నాడు? అనుమానం వస్తే ఇవ్వాల్సిన డాక్సీసైక్లిన్ ఏ మందుల షాపులోనైనా చవగ్గా దొరుకుతుంది, ఆ అనుమానమే రావడం లేదు. వదిలేస్తే కొద్దిమందికి గుండె కవాటాల దాకా వెళ్తుంది.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. మందలో గొర్రెలు ఈసుకుపోతే పిండాన్నీ మాయనీ ఉచితంగా పరీక్షించండి, చెప్పిన కాపరికి ఎంతో కొంత డబ్బు చేతిలో పెట్టండి, గ్లౌజులూ మాస్కులూ, పూడ్చడానికి సున్నం ఇవ్వండి. జబ్బని తేలితే ఆ కబురు పశువుల ఆసుపత్రి రిజిస్టర్లో ఆగిపోకుండా అదే రోజు పీహెచ్‌సీకి, పక్క ఊళ్ళకీ చేరాలి. రెండు శాఖలూ ఒకే కలెక్టర్ కింద ఉన్నాయి, ఈపాటి ఫోన్ చేసుకోవడానికి కేంద్రం నిధులు రావాలా?