మహారాజరాజశ్రీ అటక గారికి

విజయవాడ, సత్యనారాయణపురం.

మహారాజరాజశ్రీ అటక గారి సముఖమునకు, తమ కిందనే మంచాలు వేసుకుని బతుకుతున్న సవాలక్ష సరదాల వాళ్లం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. మా వీణ, హార్మోనియం, కెమెరా, కుట్టుమిషను, పరుగు బూట్లు, మూడు రకాల రంగుల పెట్టెలు అక్కడ క్షేమమని తలుస్తాం. స్టూలు వేసుకుని తలుపు తీసేదాకా ఆ తలపుకు వచ్చిన ఇబ్బందేమీ లేదు.

ముందుగా తమ పలుకుబడికి ఒక దండం. తెలుగునాట ఏ పని ఆగిపోయినా "అటకెక్కింది" అంటారు. గమనించారో లేదో, "అటకెక్కించాం" అనరు. వీణ దానంతటదే నిచ్చెన వేసుకుని, చీరకుచ్చెళ్లు సర్దుకుని పైకి వెళ్లిపోయినట్టూ, మేం కింద చేతులు కట్టుకుని చూస్తూ నిలబడినట్టూ చెప్పుకుంటాం. నేరమంతా ఇలా వ్యాకరణం మీదకు తోసెయ్యడానికి తమరిచ్చిన అవకాశానికి కృతజ్ఞులం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు కింద ఉన్నవి నానిపోతే పైన ఉన్నవి దక్కాయి. ఆ మాటా ఒప్పుకుంటాం.

కానీ మే నెల సంగతేమిటి? 44 డిగ్రీల ఎండ పైశ్లాబు మీద పడుతుంటే, దానికి మూరెడు కింద తమరు. నూజివీడు నుంచి తెచ్చిన పనస వీణకు 24 మెట్లు, అన్నీ మైనంలో నిలబెట్టినవే. తమ వేడికి ఆ మైనం మెత్తబడుతుంది, మెట్లు కుంగుతాయి. దసరాకి దింపి మీటితే గాంధారం గాంధారంలా ఉండదు. తప్పు వేలిదనుకుని, మాకు సంగీతం రాసిపెట్టి లేదని మళ్లీ పైకి పంపేస్తాం. నిజానికి మెట్లు మళ్లీ వేయించుకుంటే సరిపోయేది.

కెమెరాకి వేడికన్నా తేమ శత్రువు. తోలు సంచిలో పెట్టి తమకు అప్పజెబితే ఒక్క వానాకాలంలోనే లెన్సు లోపల సాలెగూడులాంటి బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో గుప్పెడు నీలం సిలికా జెల్ పూసలు, తేమ 40-50 శాతం మధ్య ఉందో లేదో చూపే చిన్న మీటరు ఉంటే చాలు. పూసలు గులాబీ రంగుకు తిరిగితే పాత రేకు మీద సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ రేకు ఇక వంటకు పనికిరాదు. కుట్టుమిషనులో కొబ్బరినూనె పోసిన పుణ్యాత్ములు ఇంటికొకరుంటారు. అది జిగురై గడ్డకట్టి చక్రం కదలదు. మిషను నూనె రెండేసి చుక్కలు వేసి, పాత గుడ్డ మీద నాలుగు కుట్లు కొట్టాకే పైకి పంపాలి. ఎలక్ట్రిక్ కీబోర్డులో బ్యాటరీలు తీసెయ్యాలి, లేకపోతే కారి రేకుల్ని తినేస్తాయి. పరుగు బూట్లు మాత్రం తమకు ఇవ్వనే కూడదు. కొన్నిటి సోలులో ఉండే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ తేమకు లోలోపలే విరిగిపోతుంది. కొన్నేళ్ల తర్వాత వేసుకుని గుమ్మం దాటేసరికి పిండిలా రాలుతుంది. ఉల్లి విత్తనాలు కూడా అంతే, ఏడాది దాటితే మొలక మీద ఆశ వదులుకోవాలి.

ఇవన్నీ తమ దాకా ఎందుకొస్తున్నాయంటే తప్పు మాదే. ఆరంభశూరులమని పేరున్న జాతి కదా, పేరు నిలబెట్టుకోవాలి. ఉగాదికి ఒక టైంటేబులు: అయిదింటికి యోగా, ఆరింటికి వీణ, ఏడింటికి ఫ్రెంచి, రాత్రికి పైథాన్ అనే కంప్యూటర్ భాష. సరంజామా ముందే బీసెంట్ రోడ్డు నుంచి దిగిపోతుంది. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని ఎవరో చెప్పారు కాబట్టి, అవ్వకపోయేసరికి 22వ రోజున తమ తలుపు తడతాం. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు కుదరడానికి పట్టిన కాలం కొందరికి 18 రోజులైతే కొందరికి 254, మధ్యస్థంగా 66. మధ్యలో ఒకరోజు తప్పితే కొంపేమీ మునగదనీ అందులోనే తేలింది. మేం మాత్రం ఒక్క మంగళవారం తప్పితే మొత్తానికి మంగళం పాడేస్తాం.

దీనికి మందు కోసం లండన్ దాకా పోనక్కర్లేదు. అష్టావధానం చూసిన వాళ్లకు తెలిసే ఉండాలి. అవధాని ఎనిమిది పనులూ ఒకేసారి చేస్తాడని బయట ప్రచారం. వేదిక మీద జరిగేది వేరు. వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పే నిషిద్ధాక్షరికి ఒక పాదం, ఇచ్చిన పాదాన్ని పూరించే సమస్యకు ఒక పాదం, ఇచ్చిన మాటలు ఇమిడ్చే దత్తపదికి ఒకటి, వర్ణనకు ఒకటి చెప్పి మళ్లీ మొదటి పృచ్ఛకుడి, అంటే ప్రశ్న అడిగే ఆయన దగ్గరికి వస్తాడు. అలా నాలుగు ఆవృత్తులు, అంటే నాలుగు చుట్లు తిరిగితే నాలుగు పద్యాలు, ఆ తర్వాత అన్నీ చూడకుండా అప్పజెప్పే ధారణ. నడుమ తొమ్మిదో పృచ్ఛకుడు వచ్చి కూర్చుంటానంటే కుర్చీ లేదు. అడ్డుపుల్లలు వెయ్యడానికే ఒక మనిషిని ఏర్పాటు చేసి, అప్రస్తుత ప్రసంగి అని పేరుపెట్టి కూర్చోబెట్టారు చూశారా, అదీ మనవాళ్ల తెలివి. మా ఇళ్లలో ఆ పెద్దమనిషి సెల్‌ఫోను రూపంలో ఎనిమిది కుర్చీల్లోనూ తనే కూర్చుంటున్నాడు.

కాబట్టి ఇకనుంచి తమ కింద ఒకసారికి నాలుగే సరదాలు ఉంటాయి. ఒక్కో వంతు ఆరు వారాలు. మొదటిది సోమ, బుధ, శుక్ర వారాల్లో, రెండోది మంగళ, గురువారాల్లో, మూడోది శనివారం, నాలుగోది ఆదివారం. కూర్చుంటే 40 నిమిషాలు. ఆ లెక్కన మొదటిదానికి ఆరు వారాల్లో 18 సార్లు, అంటే 12 గంటలు దక్కుతాయి. నాలుగోదానికి 4 గంటలు. ఆదివారం ఇంకో పావుగంట ధారణ: ఈ వారం ఏది ఎక్కడిదాకా వచ్చిందో కాగితం చూడకుండా చెప్పుకోవడం. చెప్పలేకపోతే ఆ వారం కూర్చున్నాం గానీ చెయ్యలేదని అర్థం.

అందరూ తప్పుచేసేది సమానంగా పంచడంలో. నలుగురు కొడుకులకు పొలం పంచినట్టు నాలుగు సరదాలకూ సమానంగా ఇస్తే ఒక్కటీ పండదు. వేలికీ నాలుకకీ అలవాటు పడాల్సినవి, అంటే వీణ, కొత్త భాష లాంటివి, వారానికి మూడుసార్లకు తగ్గితే ప్రతిసారీ మొదటికొస్తాయి. ఫొటోలు దిద్దుకోవడం, బొమ్మలు వెయ్యడం వారానికోసారైనా ఓర్చుకుంటాయి. అందుకని మొదటి జాతివి రెండు ఒకే వంతులో పెట్టకూడదు. (మిద్దెతోటకు నీళ్లు పొయ్యడం సరదాల లెక్కలోకి రాదు. అది పాలు కాగబెట్టడం లాంటిది, రోజూ ఉండేదే.) నాలుగో వారంలో అయిదో సరదా వచ్చి తీరుతుంది, ఎక్కువగా లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దగ్గరే తగులుకుంటుంది. పేరూ తేదీ రాసి బీరువా తలుపుకు అంటించి వంతు ముగిసేదాకా ఆగాలి. అప్పటికీ దురద తగ్గకపోతే కుర్చీ వెయ్యొచ్చు. సామాను మాత్రం 20 సార్లు అరువుదానితోనో అద్దెదానితోనో చేశాకే కొనాలి.

ఇక అసలు విన్నపం. చీటీ లేకుండా ఏ వస్తువొచ్చినా తమరు లోపలికి రానివ్వొద్దు. ఎక్కడ ఆపాం, ఏది తడబడుతోంది, మళ్లీ మొదటి పని ఏమిటి, ఏ తేదీన దింపాలి: చీటీలో ఈ నాలుగూ ఉండాలి. ఉదాహరణకు: "మాయామాళవగౌళ. జంటవరసలు నాలుగోదాకా రెండో కాలంలో వచ్చాయి. మూడో కాలంలో నిషాదం దగ్గర వేలు తొట్రుపడుతోంది. మళ్లీ మొదలు: మూడో జంటవరస, మొదటి కాలం. దింపేది జూన్ 15." లేదా: "జాకెట్టు ముందుభాగం డార్టులు అయ్యాయి. చంక దగ్గర అరంగుళం ఎక్కువ కత్తిరించాం, అతుకు వెయ్యాలి." వీణ నేర్చుకోవాలి అని రాస్తే అది చీటీ కాదు, మొక్కుబడి. సగంలో వదిలిన పని మీద మనసు వేలాడుతూ, చేతిలో ఉన్న పనిని ఎలా చెడగొడుతుందో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే రాశారు. ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు రాసుకుంటే ఆ వేలాట తగ్గుతుందని 2018లో థెరీసా గ్లాంబ్‌తో కలిసి చూపించారు.

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఈ ఊరి నడిబొడ్డు నుంచే పోతాయి, తమకు తెలియంది కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. కాలువ కట్టేశారని ఏ రైతూ పొలం అమ్ముకుని పోడు. నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కుని నారుమడి సంగతి చూసుకుంటాడు. తమకు అప్పజెప్పేటప్పుడు మేం అడగనిది ఆ తేదీ ఒక్కటే. పైగా పైన పెట్టిన ప్రతి వస్తువుకూ లోపల్లోపల సంతాపసభ జరిపి, అందరికీ "నాకు నిలకడ లేదండీ" అని చెప్పుకు తిరుగుతాం.

తమ దగ్గరున్న వాటిలో వీణ, కెమెరా, కుట్టుమిషను ఈ వంతుకు కిందికి పంపవలసింది. బొమ్మల రంగులు గడ్డకట్టకుండా ఉంటే అవి కూడా. హార్మోనియానికి మూడేళ్లుగా ఎవరూ తేదీ రాయలేదు, బెల్లోసు బొద్దింకలు కొట్టేయకముందే పక్కవీధిలో సంగీతం నేర్చుకుంటున్న పిల్లకు ఇచ్చేస్తాం. ఫ్రెంచి పుస్తకాలు మాత్రం కొన్నాళ్లు తమ దగ్గరే ఉండనివ్వండి. చీటీ రాశాం, సంక్రాంతి దాటాక దింపుతాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ కింది వాళ్లం

తా.క.: ట్రెడ్‌మిల్లు గురించి తమరు దిగులు పడనక్కర్లేదు. అది తమదాకా ఎక్కదు, బరువెక్కువ. కిందే ఉంది, దాని మీద తడి తువ్వాళ్లు చక్కగా ఆరుతున్నాయి.