ఓటీపీ వెళ్లేది వేరేవాళ్ల ఫోన్‌కి

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్దామని మా అన్నయ్య కూతురు వీసా ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయింది. గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ అక్కడ రాయాలి. "బాబాయ్, ఇంటర్ సెకండియర్‌లో ఇంకో ఇన్‌స్టా అకౌంట్ ఉండేది. పాస్‌వర్డ్ గుర్తులేదు. ఆ సిమ్ కూడా పోయింది" అంది.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు, 2019 నుంచీ ఉంది. కొత్తగా వచ్చిన టెన్షన్ వేరే. స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు తమ ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని 2025 జూన్‌లో అమెరికా చెప్పింది. డిసెంబర్ 15 నుంచి ఉద్యోగాలకు వెళ్లే హెచ్1బీ, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్4 వాళ్లకూ అదే వర్తించింది. "డీపీ పెట్టకు, అకౌంట్ ప్రైవేట్‌లో ఉంచు" అని ఆడపిల్లలకు ఏళ్ల తరబడి నూరిపోసిన ఇళ్లలోనే ఇప్పుడు "పబ్లిక్ చేశావా లేదా" అని అడుగుతున్నారు. పబ్లిక్ చేస్తే చూసేది వీసా ఆఫీసర్ ఒక్కడే కాదు, దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు.

దీనికి చాలామంది చెప్పే మందు ఒకటే: అన్నీ డిలీట్ చేసెయ్. ఇది తెలివైన పని అని నేననుకోను. ఫారం అడిగేది ఇప్పుడున్న ఖాతాల గురించి కాదు, వాడిన వాటి గురించి. ఖాతా తీసేసినంత మాత్రాన వాడలేదని రాయడం కుదరదు. అబద్ధం రాస్తే అది పాత ఫొటో కంటే పెద్ద తలనొప్పి.

సరే, ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వెతికాం. పిల్ల పెట్టినవాటిలో తప్పు పట్టేదేమీ లేదు. బిర్యానీ, హాస్టల్ గది, ఫ్రెండ్ బర్త్‌డే కేకు. గూగుల్‌లో పేరు కొడితే మాత్రం మొదట తగిలింది నా పోస్టే! 2019లో టెన్త్‌లో 10 జీపీఏ వచ్చిందన్న సంబరంలో నేను ఫేస్‌బుక్‌లో పెట్టిన మార్కుల మెమో. పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబర్, అన్నీ అందులో ఉన్నాయి. పబ్లిక్‌లోనే ఉంది. రెండు వందల పైచిలుకు లైకులు కూడా.

పుట్టిన తేదీదేముందిలే అనుకుంటాం. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ ఏంటో తెలుసుగా? పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ పీడీఎఫ్‌ను ప్రింట్ కోసం జిరాక్స్ షాపు వాట్సాప్‌కి పంపించి, తర్వాత మర్చిపోయినవాళ్లు ఎంతమంది! తాళం షాపులో, తాళంచెవి ఫేస్‌బుక్‌లో. పరువు పోయే ఫొటోల కోసం ఇల్లంతా గాలిస్తాం గానీ, అసలు నష్టం చేసేవి ఇలాంటి చప్పటి కాగితాలే. పైగా వాటిలో సగం మనం పెట్టినవి కావు, మనమీద ప్రేమతో మనవాళ్లు పెట్టినవి.

చట్టం కాపాడుతుందా అంటే, కొంతవరకే. మన సమాచారాన్ని తీసేయమని కంపెనీలను అడిగే హక్కు 2023 నాటి డేటా రక్షణ చట్టంలో ఉంది. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు ఇంకో 18 నెలల గడువిచ్చారు. కానీ ఎవరి వివరాలను వాళ్లే బహిరంగంగా పెట్టుకుంటే వాటికి ఆ చట్టం వర్తించదు. ఇంటి అవసరాలకు వ్యక్తులు వాడుకునే సమాచారాన్నీ అది ముట్టుకోదు. బాబాయి అత్యుత్సాహానికి అందులో సెక్షన్ వెతుక్కోవడం కష్టం.

అందుకే పోస్టు నేనే తీసేశాను. ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నిటినీ ఒక్క దెబ్బకు ఫ్రెండ్స్‌కే పరిమితం చేసే సెట్టింగ్ ఉంది, అదీ నొక్కాను. ట్రాష్‌లో పడేసినవి 30 రోజులు అక్కడే ఉంటాయి కాబట్టి, మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండేళ్లు తెరవని గూగుల్ ఖాతాను ఆ కంపెనీయే తీసేయొచ్చు. వేరే ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెరవడానికి రికవరీ మెయిల్‌గా ఇచ్చింది అదే అయితే ఆ దారీ మూసుకుపోయినట్టే.

మిగిలింది ఆ పాత ఇన్‌స్టా. అది తెరవాలంటే ఓటీపీ ఆ పోయిన సిమ్ నంబర్‌కే వెళ్తుంది. కనెక్షన్ పోయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. సిమ్ మార్చేటప్పుడు బ్యాంకులో నంబర్ మార్పిస్తాం, మిగతావి ఎవరికి గుర్తుంటాయి? పిల్ల తన పాత నంబర్‌కి తనే ఫోన్ చేసింది. ఎవరో పెద్దాయన ఎత్తారు. సంగతంతా ఓపిగ్గా విన్నారు. "ఇప్పుడొక ఓటీపీ వస్తుందండీ, కాస్త చెబుతారా" అని అడిగింది.

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదంట కదమ్మా" అని పెట్టేశారు.

ఆ ఖాతా ఇంకా అలాగే ఉంది. ఫారంలో దాని పేరు కూడా రాసింది.