ఎల్‌ఈడీ తెర మీద మెమ్‌టెస్ట్

చుట్టాల్లో ఒకడికి కంప్యూటర్ ఫార్మాట్ చేయడం వచ్చని తెలిస్తే చాలు, పండక్కి వెళ్లినా పరామర్శకు వెళ్లినా వాడి ముందు ఒక లాప్‌టాప్ తెచ్చి పెడతారు. కాఫీ ఆ తర్వాతే. అందుకే నా జేబులో 64 జీబీ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది. అందులో వెంటాయ్ వేశాను. 2020లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని, విండోస్‌కి ఒకటి, లినక్స్‌కి ఒకటి అంటూ పెన్‌డ్రైవ్‌లు మోయక్కర్లేదు. ఐఎస్ఓ ఫైళ్లు, అంటే ఒక్కో డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చుట్టినవి, మామూలుగా కాపీ చేసి పడేస్తే బూట్ అయ్యేటప్పుడు అన్నీ వరసగా మెనూలో కనబడతాయి. విండోస్ 10, 11, ఉబుంటు, డిస్క్ కాపీకి క్లోన్‌జిల్లా, ర్యామ్ పరీక్షకి మెమ్‌టెస్ట్.

మా బాబాయి దృష్టిలో మాత్రం అది సగం ఖాళీగా ఉన్న పెన్‌డ్రైవ్.

ఆయన కూతురి పెళ్లి, తణుకులో. ముహూర్తం రాత్రి పదకొండుకి. ఈలోగా హాల్లో పెద్ద ఎల్‌ఈడీ తెర మీద ప్రీ వెడ్డింగ్ వీడియో వేయాలి. అది ఆరు జీబీ. ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవేమో ఫ్యాట్32 అనే పాతకాలం ఫార్మాట్‌లో ఉంది. ఎంత ఖాళీ ఉన్నా సరే, నాలుగు జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. "ఒరేయ్, నీది ఇలా ఇయ్యి" అంటూ బాబాయి నా జేబులోంచే తీసుకుపోయాడు. నాది ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్. సుఖంగా ఎక్కింది.

చెల్లి గోదారి మీద పడవలో చున్నీ ఎగరేస్తోంది. బావ మోకాలి మీద కూర్చోబోతున్నాడు. కరెంటు పోయింది.

జనరేటర్ కుర్రాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఎలాగూ ఆగింది కదా అని నేనూ, లాప్‌టాప్ ఆపరేటరూ కిందకి భోజనానికి దిగాం. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ మీదే బతుకుతోంది. బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీయే మొదట, అంటే ఆన్ చేస్తే విండోస్ కన్నా ముందు గుచ్చి ఉన్న నా పెన్‌డ్రైవే లేస్తుంది. పైగా పాతది, ముక్కూమొహం తెలియని సాఫ్ట్‌వేర్‌ని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ లేదు. ఉంటే కనీసం ఓ నీలి తెర చూపించి అడ్డుపడేది. కరెంటు వచ్చాక దాన్ని ఆన్ చేసింది ఏడేళ్ల మా మేనల్లుడు. వాడికి బాణం బటన్ కనబడితే నొక్కాలి. ఎంటర్ అయితే రెండుసార్లు నొక్కాలి.

కబురంది, పప్పు కలిపిన చేత్తోనే పైకి పరిగెత్తాను. తెర నిండా నీలం రంగు, తెల్ల అంకెలు, మెల్లగా పాకుతున్న గీత. మెమ్‌టెస్ట్! హాలంతా శ్రద్ధగా చూస్తోంది.

"అమ్మాయి మార్కులా?" ముందు వరసలో ఓ పెద్దావిడ అడిగింది.

"పాస్ 37 శాతం అంటోంది." పక్కాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ముప్పై ఐదు దాటిందిగా, గట్టెక్కినట్టే."

"అదిగో, 38 అయింది!"

"ఎర్రర్లు సున్నా అని కూడా ఉంది చూడండి," అన్నారు పంతులుగారు గంభీరంగా. "జాతకాలు చూసినప్పుడే చెప్పాను."

నేను పెన్‌డ్రైవ్ లాగేసి ఎస్కేప్ నొక్కాను. విండోస్ వచ్చేదాకా ఆగి మళ్లీ పెట్టాను. బావ ఎట్టకేలకు మోకాలి మీద కూర్చున్నాడు గానీ, అప్పటికి సగం హాలు పంక్తిలో ఉంది.

ఎడంచేత్తో పెన్‌డ్రైవ్ తీసుకుని మెట్లు దిగుతుంటే వియ్యంకుడుగారు భుజం మీద చెయ్యేశారు.

"బాబూ, ఇందాక మొదట వచ్చిన లిస్టులో విండోస్ 11 చూశాను. మాది ఇంకా పదే. 2025 అక్టోబరుతో అప్‌డేట్లు ఆపేశారటగా. పదహారు రోజుల పండక్కి ఎలాగూ వస్తారు, ఓసారి చూద్దురూ. మాది ఒకటి, మా తమ్ముడిది ఒకటి."

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి బాబాయి అందుకున్నాడు. "దానిదేముంది బావగారూ, మీ తమ్ముడుగారిది ఆ రోజు మీ ఇంటికే తెప్పించేయండి!"