తరగతి గదిలో అల్లరి: దేన్ని బట్టి విడదీయాలి?

పాఠం సాగనివ్వని విద్యార్థుల ప్రస్తావన స్టాఫ్ రూమ్‌లో వచ్చినప్పుడు వినిపించే వర్గీకరణ చాలా సులువుగా ఉంటుంది. ఒకడు వాగుడుకాయ, ఇంకొకడు మొండిఘటం, ఒక అమ్మాయికి పొగరు, మరో అబ్బాయికి బద్ధకం. ఈ ముద్రలు పిల్లల పేర్లకు అతుక్కుపోతాయి. వాళ్లు పైతరగతికి వెళ్లేసరికే అక్కడి టీచర్ల చెవిన పడి ఉంటాయి. ఇవి పిల్లల్ని విడదీస్తాయి తప్ప వాళ్ల ప్రవర్తన గురించి ఏమీ చెప్పవు. తరగతి గది క్రమశిక్షణ గురించి మాట్లాడేటప్పుడు ముందుగా సరిదిద్దుకోవలసింది ఈ అలవాటునే అని నా అభిప్రాయం. అల్లరి ఎంత గట్టిగా వినిపిస్తోంది, టీచరుకు ఎంత కోపం తెప్పిస్తోంది అన్న లెక్క పక్కనపెట్టి, ఆ పని వల్ల ఆ విద్యార్థికి ఏం దక్కుతోందో చూసి దాన్ని విడదీయాలి.

పైకి కనిపించే రూపాల సంగతి అందరికీ తెలిసిందే. అడగకుండా మాట్లాడటం, పక్కవాళ్లను కదపడం, చోటు మారడం, ఆలస్యంగా రావడం ఒక రకం. చెప్పిన పని చేయనని ఎదురుతిరగడం, అందరి ముందు వాదన పెట్టుకోవడం రెండో రకం. తిట్టడం, కొట్టడం, వస్తువులు పగలగొట్టడం, బలహీనులను ఏడిపించడం మూడోది. ఈ మూడో రకం గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం గానీ బోధనను రోజూ తినేసేది మొదటిదే. ఇంగ్లండ్, వేల్స్ పాఠశాలల్లో క్రమశిక్షణను పరిశీలించిన ఎల్టన్ కమిటీ 1989 నాటి తన నివేదికలో ఈ విషయాన్నే గుర్తించింది. ఉపాధ్యాయులను నిత్యం విసిగించేవి వంతు రాకముందే మాట్లాడటం, తోటివారి పనికి అడ్డుపడటం వంటి చిన్న చిన్న ఆటంకాలేననీ, దాడులు అరుదనీ చెప్పింది.

అయితే రూపాన్ని చూసి చికిత్స నిర్ణయిస్తే ఏమవుతుందో ఒక లెక్కల పీరియడ్‌లో గమనించవచ్చు. టీచర్ భిన్నాల లెక్క ఒకటి బోర్డు మీద రాసి, ఒక్కొక్కరినీ వచ్చి చేయమని పిలుస్తుంటారు. తన వంతు దగ్గరపడుతున్న కొద్దీ ఒక కుర్రవాడు పెన్సిల్ కింద పడేస్తాడు, వంగి వెతుకుతాడు, ముందు బెంచీవాడి చొక్కా లాగుతాడు. ఒకసారి హెచ్చరించినా ఆపడు. చివరికి టీచర్ విసిగి బయట నిలబడమంటారు. టీచర్ దృష్టిలో అది శిక్ష. కుర్రవాడికి మాత్రం అందరి ముందు లెక్క రాక నవ్వులపాలయ్యే గండం తప్పింది. మర్నాడు అదే పీరియడ్‌లో అదే పని మళ్లీ చేస్తాడు, చేయకుండా ఉండటానికి అతనికి కారణమేమీ లేదు. మనస్తత్వశాస్త్రంలో దీన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. అంటే ఇబ్బంది తొలగిపోవడమే బహుమతిగా మారి ఆ ప్రవర్తనను బలపరచడం. అల్లరి చేసిన ప్రతివారినీ బయటికి పంపే టీచర్, తప్పించుకోజూసే పిల్లలకు తెలియకుండానే దారి చూపిస్తున్నారు.

ఇదే చొక్కా లాగుడు వెనక వేరే పిల్లవాడి విషయంలో వేరే అవసరం ఉండవచ్చు. తోటివాళ్లు నవ్వాలనో, టీచర్ తనవైపు ఒక్కసారి చూడాలనో చేసే పిల్లలున్నారు. వీళ్లకు మందలింపు కూడా పలకరింపే. 1968లో అమెరికాలో మాడ్సన్, బెకర్ తదితరులు ఒక ప్రాథమిక తరగతిలో చేసిన పరిశీలన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. టీచర్లు ‘కూర్చో’ అని ఎంత ఎక్కువగా అంటే పిల్లలు అంత ఎక్కువగా లేచి నిలబడ్డారు. కుదురుగా కూర్చున్నవారిని మెచ్చుకోవడం మొదలుపెట్టాక లేవడం తగ్గింది. ఇవి కాక, కోరుకున్న వస్తువు కోసమో అవకాశం కోసమో చేసే అల్లరి ఉంది. ఒంటికి కదలిక కావలసి వచ్చి చేసేదీ ఉంది.

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవైద్యుడు రుడాల్ఫ్ డ్రైకర్స్ ఈ ప్రయోజనాలను మరో విధంగా చూశారు. దృష్టిని ఆకర్షించడం, పెత్తనం చూపించడం, ప్రతీకారం తీర్చుకోవడం, తనవల్ల కాదని చేతులెత్తేయడం అనే నాలుగు గమ్యాలను ఆయన చెప్పారు. ఏ గమ్యమో పోల్చుకోవడానికి టీచర్ తన మనసులో కలిగే భావాన్ని గమనించుకోవాలన్నది ఆయన సూచన. కాస్త చిరాకు కలిగితే మొదటిది, తన అధికారానికే సవాలు ఎదురైనట్టు అనిపిస్తే రెండోది, మనసు నొచ్చుకుంటే మూడోది, ఇక వీడితో ఏమీ కాదన్న నిరాశ ఆవరిస్తే నాలుగోది. టీచర్ అలసట, ఆనాటి మనఃస్థితి కూడా ఈ భావాల్లో కలిసిపోతాయి గనుక దీన్ని రుజువుగా తీసుకోకూడదు, తొలి ఆనవాలుగా మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. కుదురులేని పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే ఒక రుగ్మత) అని పేరు పెట్టేయడం ఈమధ్య పెరిగింది. ఆ నిర్ధారణకు 12 ఏళ్ల లోపే లక్షణాలు మొదలై ఉండాలి, బడి, ఇల్లు వంటి రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల కనిపించాలి. ఒకే టీచర్ పీరియడ్‌లో మాత్రమే కుదురు తప్పే విద్యార్థి విషయంలో ముందు ఆ పీరియడ్‌నే పరిశీలించాలి. అలాగే మాటిమాటికీ పక్కవాడి నోట్సులోకి తొంగిచూసే పిల్లకు బోర్డు సరిగా కనిపించకపోవచ్చు. పిలిస్తే పలకని పిల్లవాడికి వినికిడి లోపం ఉండవచ్చు. ఇవి నిర్లక్ష్యంగా, మొండితనంగా నమోదైపోతే జరిగే అన్యాయం చిన్నది కాదు.

కొంత అల్లరికి ఏ ఒక్క విద్యార్థీ బాధ్యుడు కాడు, దాన్ని పుట్టించేది పాఠం నడిచే తీరు. పుస్తకాలు పంచేటప్పుడు, ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు, ముందుగా ముగించినవాళ్లు ఖాళీగా కూర్చున్నప్పుడు గోల పుడుతుంది. తరగతులను వీడియో తీసి పరిశీలించిన జేకబ్ కూనిన్ 1970లో వెల్లడించిన ఫలితాలు గమనించదగ్గవి. తరగతిని చక్కగా నడిపే టీచర్లకూ నడపలేనివారికీ తేడా అల్లరి జరిగాక మందలించే పద్ధతిలో పెద్దగా కనిపించలేదు. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో తమకు తెలుసని పిల్లలకు తెలిసేలా మెలగడంలో, పాఠం జోరు తగ్గకుండా నడపడంలో కనిపించింది.

అసలు ఏ వర్గీకరణలోనూ చోటు దక్కని పిల్లలు మరికొందరు. 1928లో వెలువడిన విక్‌మన్ అధ్యయనంలో ఉపాధ్యాయులు ఎదురుతిరగడం, క్రమం తప్పడం వంటివాటిని తీవ్ర సమస్యలుగా ఎంచితే, పిల్లల మానసిక నిపుణులు ముడుచుకుపోవడం, అనుమానం, దిగులు వంటివాటిని అంతకన్నా తీవ్రంగా పరిగణించారు. దాదాపు నూరేళ్లు గడిచినా పాఠానికి అడ్డు రాని బాధ మన లెక్కలోకి రావడం లేదని చెప్పక తప్పదు.

ప్రయోజనాన్ని కనిపెట్టేదాకా చేతులు ముడుచుకుని కూర్చోమని దీనర్థం కాదు. ఒక పిల్లవాడు మరొకరిని కొడుతుంటే ముందు ఆపాలి, దెబ్బ తిన్నవారిని చూసుకోవాలి, ఆ తర్వాతే విచారణ. మిగతా సందర్భాల్లో మాత్రం తరచూ ఇబ్బంది పెట్టే ఇద్దరు ముగ్గురు విద్యార్థుల గురించి కొన్నాళ్లపాటు మూడు విషయాలు రాసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది: అల్లరికి ముందు ఏం జరిగింది, విద్యార్థి సరిగ్గా ఏం చేశాడు, వెంటనే అతనికి ఏం దక్కింది. ‘పొగరుగా ప్రవర్తించాడు’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘చదవమనగానే పుస్తకం మూసేశాడు, నేను పక్కవాడిని చదవమన్నాను’ అని రాస్తే కారణం ఆ వాక్యంలోనే దొరుకుతుంది. అలాంటి విద్యార్థికి ఒక్క పేరా ముందుగా సాధన చేయించి చదివించవచ్చు, లేదా సాయం అడిగే మర్యాదైన మార్గం నేర్పవచ్చు. వేర్వేరు సబ్జెక్టుల టీచర్లు ఈ రాతలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇంకా మేలు. గది నిండా పిల్లలు, ఖాళీ లేని పీరియడ్ల మధ్య ఈ పనిని టీచర్ సొంత ఓపికకు వదిలేయడం న్యాయం కాదు. దానికి కావలసిన సమయాన్ని టైమ్‌టేబుల్‌లోనే కేటాయించాల్సింది పాఠశాల యాజమాన్యం.